ఆడబిడ్డ వాటా: తేదీల చిక్కు వీడినా..

బళ్లారి: పెళ్లి అయింది 1990లో. అనంతపురం ఇంటి ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది, సరిహద్దు ఇవతల బళ్లారి ఇంటి ఆడబిడ్డకు లేదు. అప్పటి చట్టాల తీరు అది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5కు, కర్ణాటకలో 1994 జులై 30కి ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టేశారు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ అమల్లోకి రావడంతో ఈ తేడా పోయింది. పోయిందనుకుంటే ఇంకో తేదీ వచ్చి పడింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా, లేడా?

దీనిపై కర్ణాటక హైకోర్టు నుంచి వెళ్లిన రెండు కేసులు రెండు దారులు పట్టాయి. ఒకదానిలో కూతురికి సమాన వాటా ఉందని హైకోర్టు అంటే, తండ్రి 1988లోనే పోయాడు కాబట్టి చెల్లదని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండోదానిలో హైకోర్టు కాదంది. తండ్రి 2001లో పోయినా కూతుళ్లకు వాటా ఇవ్వాల్సిందేనని 2018లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టులు ఏ తీర్పు పట్టుకోవాలి?

చివరకు 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముడి విప్పింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు. (ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ కర్ణాటక వారే. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారు.)

ఇక పేచీ అంతా పాత పంపకాల మీదే. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాన్ని కదిలించలేరు. అందుకే 'ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం' అనే వాదన అన్నదమ్ములకు ఆయుధమైంది. ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉంటే తప్ప దాన్ని నమ్మొద్దని ఆ తీర్పే చెప్పింది. పహణీలో అన్నదమ్ముల పేర్లే ఉన్నాయని ఆడబిడ్డలు వెనక్కి తగ్గుతుంటారు. పహణీ శిస్తు లెక్కకే, దానితోనే యాజమాన్యం రాదు.

దావా నడుస్తున్నవారు గమనించాల్సింది మరొకటుంది. ప్రాథమిక డిక్రీ అయిపోయినా తుది డిక్రీ వచ్చేలోపు వాటా అడగొచ్చని ఆంధ్రప్రదేశ్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పసుపు కుంకుమల కింద ఇంత ముట్టజెప్పి తెల్లకాగితం మీదో, స్టాంపు పేపరు మీదో సంతకం తీసుకున్నా, స్థిరాస్తిలో హక్కు వదులుకున్న పత్రం రిజిస్టరు కాకపోతే చెల్లదు. అయితే తండ్రి స్వార్జితానికి ఇదేదీ వర్తించదు. దాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు.