పతకానికి తాడిస్తారు, ప్రాణానికి ఇవ్వరు

2004 డిసెంబరు 26 నాటి సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో 391 మంది ఆడవాళ్లు చనిపోయారు. మగవాళ్లు 146 మంది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫాం సంస్థ బయటపెట్టిన లెక్క ఇది. సముద్రానికి ఆడా మగా తేడా తెలియదు. ఆ తేడా పెట్టింది మనుషులే. ఆ పొద్దున మగవాళ్లు చాలామంది పడవల మీద లోపలి సముద్రంలో ఉన్నారు. అక్కడ అల అంత ఎత్తు లేవలేదు. ఆడవాళ్లు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తూనో, ఇళ్లలో పిల్లలతోనో ఉన్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు తక్కువ. చంకలో బిడ్డ, కాళ్లకు చుట్టుకునే చీర. చెట్టెక్కిన ఆడపిల్లను "మగరాయుడా, దిగు" అని కసిరే సమాజమే, వరద వచ్చిన రోజున ఆమె చెట్టెక్కలేక చనిపోతే విధి అంటుంది.

ఆడవాళ్లకు శక్తి చాలదనే మాట ఇంకా ఎవరైనా అంటే వాళ్లకు పూర్ణను చూపించాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకున్న పిల్ల. మంచిదే. అభినందించాం, సభలు పెట్టాం. కానీ ఒక ప్రశ్న అడగడం మర్చిపోయాం. గుట్ట దిగడానికి వేసే ముడీ, బావిలో పడ్డ మనిషిని పైకి లాగడానికి వేసే ముడీ రెండూ ఒక కుటుంబానివే కదా. మొదటిదాన్ని సాహస క్రీడ అని ఆడపిల్లలకు నేర్పిస్తున్నప్పుడు, రెండోది మగవాళ్ల ఉద్యోగం ఎలా అయింది?

జాతీయ విపత్తు స్పందన దళం 2006లో ఏర్పడింది. రక్షణ పనిలోకి మొదటి మహిళా బృందం వచ్చింది 2020 చివర్లో. పద్నాలుగేళ్లు! ఎవరెస్టుపైకి మన దేశపు మొదటి మహిళ బచేంద్రీ పాల్ 1984లోనే ఎక్కింది. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో ఆమే పర్వతారోహకుల బృందాన్ని వెంటబెట్టుకుని దారులు తెగిపోయిన ఎత్తైన గ్రామాలకు సాయం చేరవేసింది. ఆటకూ ఆదుకోవడానికీ మధ్య గోడ లేదని ఆమె చేసి చూపించింది.

పైగా రక్షణ అంటే కండలు ఒక్కటే కాదు. ముందు వెతకాలి. వెతకాలంటే ఎవరు కనపడటం లేదో తెలియాలి. ఏ ఇంట్లో మంచాన పడ్డ అత్త ఉంది, ఏ కోడలు నిండు నెలల్లో ఉంది, రాత్రి ఎవరింట్లో ఎవరు పడుకున్నారు - ఇవి ఏ తహసీల్దారు రిజిస్టరులోనూ ఉండవు. డ్వాక్రా సంఘం లీడరును అడగండి, నిలబడ్డ పాటున చెబుతుంది. నడుం లోతు నీళ్లలో ఒంటి మీద గుడ్డ సరిగా లేని ఆడమనిషి, తెలియని మగవాడు చెయ్యి చాపితే ఒక్క క్షణం వెనకాడుతుంది. ఆ క్షణం ఖరీదు మనకు తెలుసు.

2016లో మొదలైన 'ఆపద మిత్ర' పథకాన్ని తర్వాత 350 జిల్లాలకు విస్తరించి, లక్షమంది వాలంటీర్లకు శిక్షణ ఇస్తామన్నారు. పన్నెండు రోజుల శిక్షణ, అక్కడే ఉండి నేర్చుకోవాలి. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లి పన్నెండు రోజులు ఎక్కడ ఉంటుంది? ఆ రోజుల కూలి ఎవరిస్తారు? బోధకులంతా మగవాళ్లయితే నడుముకు పట్టీ కట్టేది ఎవరు? ఇవి చిన్న విషయాలని ఆఫీసర్లు అనుకోవచ్చు. మన ఆడవాళ్లు గడప దాటేదీ దాటనిదీ తేలేది వీటి దగ్గరే.

ఇక 'వాలంటీరు' అన్న మాట వింటేనే నాకు భయం. ఆశా కార్యకర్తలను చూశాం, అంగన్‌వాడీలను చూశాం. సేవ అంటారు, గౌరవ వేతనం అంటారు, చివరికి జీతం అడిగితే రోడ్డు మీద నిలబెడతారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగితే, బతికిన 26 మందిని ఒడ్డుకు చేర్చింది నాటు పడవల్లో పరుగెత్తుకొచ్చిన ఊరివాళ్లే. శిక్షణ లేదు, లైఫ్ జాకెట్ లేదు, బీమా లేదు. వాళ్ల మంచితనాన్ని పొగిడి ప్రభుత్వం తన బాధ్యత దులుపుకుంటే కుదరదు. కాబట్టి ఆడవాళ్లను ఈ పనిలోకి ఊరికే రమ్మనడం లేదు. శిక్షణ రోజులకు కూలి, పిలిచిన ప్రతి రోజుకూ భత్యం, గాయపడితే వైద్యం, చనిపోతే కుటుంబానికి పరిహారం - అన్నీ రాతపూర్వకంగా కావాలి.

వచ్చే వానాకాలానికి ముందే ప్రతి జిల్లాలో మన సంఘాలు కలెక్టరు దగ్గరికి వెళ్లి జాబితా అడగాలి. శిక్షణ పొందినవాళ్లలో ఆడవాళ్లెందరు, ఏ మండలం వాళ్లు, తాడూ లైఫ్ జాకెట్లూ ఎవరి గదిలో ఉన్నాయి, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంది. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. గురుకుల బాలికలకు కొండెక్కడం నేర్పే చోటల్లా ఈత, ప్రథమ చికిత్స, నీళ్లలోంచి మనిషిని లాగే పద్ధతి కూడా నేర్పమని అడగాలి. పతకం రాని పిల్లలకు కూడా.