నిద్రమాత్ర కంటే ముందు కారణం

అల్జీమర్స్, పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో పగటి కష్టం ఒక ఎత్తు, రాత్రి కష్టం ఒక ఎత్తు. రోగి అర్ధరాత్రి లేచి తలుపు గడియ తీస్తారు, పగలంతా కునుకుతారు. చాలాచోట్ల దీనికి దొరికే చికిత్స ఒక నిద్రమాత్ర. ఈ అలవాటు మారాలి, ఎందుకంటే ఈ నిద్రలేమికి ఒక్కొక్కరిలో ఒక్కో కారణం. అల్జీమర్స్‌లో హైపోథాలమస్‌లో ఉండే జీవగడియారమే దెబ్బతిని, మెదడుకు రాత్రీ పగలూ తేడా తెలియకుండా పోతుంది. పార్కిన్సన్స్‌లో సాయంత్రపు మందు ప్రభావం తగ్గాక ఒళ్లు బిగుసుకుపోయి, పక్కకు ఒత్తిగిలలేక మెలకువ వస్తుంది. వాళ్లకు కావలసింది రాత్రంతా పనిచేసే డోపమిన్ మందు. నిద్రలో శ్వాస ఆగిపోయే వారికైతే మత్తుమందు ముప్పు పెంచవచ్చు. ఒక్కోసారి తప్పు మనం ఇచ్చే మందుదే: అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ రాత్రిపూట వేసుకుంటే కొందరికి పీడకలలు వస్తాయి, ఉదయానికి మారిస్తే తగ్గవచ్చు.

మందులే వద్దని కాదు. కలలో కాళ్లూ చేతులూ విసిరి పక్కవారిని కొట్టే రెమ్ నిద్ర రుగ్మతను 1986లో అమెరికాలోని మినెసోటాలో షెంక్, మహోవాల్డ్ బృందం గుర్తించింది. పార్కిన్సన్స్‌కు ఇది ఏళ్ల ముందే వచ్చే హెచ్చరిక కావచ్చు. ఈ రుగ్మత ఉన్న 1,280 మందిపై 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పన్నెండేళ్లలో దాదాపు 74 శాతం మందికి పార్కిన్సన్స్ లేదా ఆ కోవ జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఈ రుగ్మతకు మెలటోనిన్, క్లొనజెపామ్ వాడతారు. అదే క్లొనజెపామ్ డిమెన్షియా ఉన్నవారిని తూలి పడేలా, మరింత తికమకపడేలా చేయగలదు. 2020 నాటి కాక్రేన్ సమీక్షకు డిమెన్షియా నిద్రలేమిలో క్లొనజెపామ్ కోవకు చెందిన బెంజోడయాజెపీన్ల మీద ఒక్క ర్యాండమ్ పరీక్ష కూడా దొరకలేదు. అల్జీమర్స్ రోగుల్లో మెలటోనిన్ వల్ల మేలు జరుగుతుందనే ఆధారమూ కనబడలేదు. కొత్త నిద్రమందు సువోరెక్సాంట్ ఉత్తుత్తి మాత్ర కంటే అదనంగా ఇచ్చిన నిద్ర అరగంట లోపే.

రాత్రంతా మేలుకుని, తెల్లారాక ఇంటిపనో ఉద్యోగమో చేసుకోవాల్సిన కూతురికో కోడలికో ఈ లెక్కలతో పనేమిటి, ఈ పూట నిద్రపడితే చాలు కదా అంటారు. ఆ అలసట నిజం, అది వైద్యం పట్టించుకోవలసిన విషయమే. కానీ మందు మత్తులో అర్ధరాత్రి పడిన పెద్దాయనకు తుంటి ఎముక విరిగితే ఆ భారమంతా పడేది ఆమె మీదే. ఇంతకంటే మెరుగైన దారి ఉంది. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 377 మంది రోగులతో, వారిని చూసుకునే వాళ్లతో చేసిన పరీక్షలో, ఆరు విడతల శిక్షణ పొందిన కుటుంబాల్లో రోగుల నిద్ర ఎనిమిది నెలల తర్వాత కూడా మెరుగ్గా ఉంది. ఉదయపు వెలుతురు, పగటి పని, పడుకునే వేళ, చూసుకునే వారి మనసు కుదుటపడటం, ఇవే అందులోని పాఠాలు. నేర్పినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన పట్టభద్రులు. ఇంగ్లండ్ ఇళ్లలో తేలింది మన ఇరుకిళ్లలో అలాగే పనిచేస్తుందనుకోలేం, ఇక్కడ మళ్లీ పరీక్షించాలి. కాకపోతే ఖర్చు చూస్తే మన జిల్లా ఆసుపత్రుల్లో నర్సులతో మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు. ఆలోగా చీటీ రాసే డాక్టరు, రాత్రి ఏం జరుగుతోందో రోగి పక్కన పడుకునేవారిని అడగాలి.