ఆశ్రమంలో ఆయా కులమేమిటి?

2025 సెప్టెంబర్ 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుపై మన దగ్గర జరగవలసినంత చర్చ జరగలేదు. ఢిల్లీలోని రోహిణిలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే ఆశాకిరణ్ ఆశ్రమంపై ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యమది. అదే ఆశ్రమంలో 2024 జూలై ఒక్క నెలలో పదిమందికి పైగా మరణించారు. దేశవ్యాప్తంగా ఇలాంటి ప్రభుత్వ వసతి గృహాలను పరిశీలించే బాధ్యతను కోర్టు ఎనిమిది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. పరిశీలకులు గదులు కొలుస్తారు, రిజిస్టర్లు చూస్తారు. అక్కడ మలమూత్రాలు ఎత్తేది ఎవరు, వారి కులమేమిటి, వారికి ముట్టేదెంత అని అడుగుతారన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

ఉయ్యూరు ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆశ్రమానికి కొన్నేళ్లుగా వెళ్లివస్తున్నాను. గుమ్మం పక్కన దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలక ఉంటుంది. పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, తండ్రి వర్ధంతికో ఒక పూట భోజనం పెట్టేవారికి ఈ డెల్టాలో కొదవ లేదు. మధ్యాహ్నం దాత వడ్డించే బిర్యానీ, మిఠాయి ఫొటోలో పడతాయి. నమలలేనివారికి, మింగడం కష్టమైనవారికి ఆ తిండి పడదు. రాత్రి విరేచనాలైతే పక్కబట్టలు మార్చే ఆయా ఏ ఫొటోలోనూ కనిపించదు. రాత్రివేళ అందరికీ కలిపి ఆమె ఒక్కతే. అక్కడ నేను చూసిన ఆయాలందరూ మాల, మాదిగ, యానాది స్త్రీలే. వంటగదిలోకి మాత్రం వారికి ప్రవేశం లేదు. వంటకు వేరే మనిషి ఉన్నారు. ఈ ఏర్పాటును ఎవరూ నియమంగా రాయలేదు, రాయవలసిన అవసరమూ కలగలేదు.

వైకల్యానికి కులం లేదు కదా అని మిత్రులు అంటుంటారు. వైకల్యానికి లేకపోవచ్చు, సేవకు ఉంది. సేవ నాణ్యత అంటే చాలావరకు ఒక మనిషిని ఎరిగి ఉండటమే. మాట రాని యువకుడు తలను గోడకు కొట్టుకుంటుంటే కొత్త ఆయాకు అది పిచ్చిగా తోస్తుంది. మూడేళ్లుగా అతడిని చూస్తున్న ఆయా అది పంటినొప్పి అని గుర్తుపడుతుంది. ఎవరికి మూర్ఛ ఏ సూచనతో మొదలవుతుందో, ఎవరు మాత్రను నాలుక కింద దాచుకుని ఉమ్మేస్తారో ఆమెకే తెలుసు. ఆ ఎరుకను నైపుణ్యంగా లెక్కించక, కులం రీత్యా అబ్బిన పనిగా చూసి, జీతానికి బదులు 'గౌరవ వేతనం' చేతిలో పెడతారు. ఆరు నెలల్లో ఆమె మానేసి మినుము తీతకు పోతుంది. ఆ ఎరుకా ఆమెతోనే పోతుంది.

ఈ మైల భావన ఎంత దూరం వెళ్లగలదో 1994లో మహారాష్ట్ర చూపింది. పుణె దగ్గరి శిరూరు ప్రభుత్వ ఆశ్రమంలోని మేధో వైకల్యం గల స్త్రీలకు ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తొలగించారు. నెలసరి శుభ్రత చూడటం కష్టమవుతోందన్నదే అప్పుడు చెప్పిన కారణం. మహిళా సంఘాలు నిలదీశాకే ఆ శస్త్రచికిత్సలు ఆగాయి. ఎత్తవలసిన మైలను తగ్గించుకోవడానికి నోరులేని స్త్రీల దేహాలను కోశారు.

ఇప్పుడు వీరందరినీ 'దివ్యాంగులు' అంటున్నాం. హక్కులివ్వకుండా దైవత్వాన్ని అంటగట్టడం ఈ పేజీ పాఠకులకు కొత్త కాదు. 'హరిజన' అన్న మాటను దళితులు ఎందుకు తిరస్కరించారో వారికి తెలుసు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఐదవ సెక్షన్ ప్రకారం సమాజంలో కలిసి బతకడం వీరి హక్కు. ఫలానా చోటనే ఉండాలని ఎవరినీ బలవంతపెట్టరాదు. మంచి చట్టమే. కానీ ఆ ఆశ్రమంలోని ఆయాల్లో ఒకామెకు ఇలాంటి కొడుకే ఉన్నాడు. దళితవాడలో ఒంటిగది ఇల్లు. నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంది. ఆమె పరుల బిడ్డలను చూడటానికి బయల్దేరేటప్పుడు తన బిడ్డను పాత చీరతో మంచంకోడుకు కట్టి వస్తుంది. “నేనున్నన్నాళ్లూ సరేనండీ, ఆ తర్వాత వాణ్నెవరు చూస్తారు?” అని అడిగింది. తల్లిదండ్రుల తదనంతరం పెద్దవారైన బిడ్డల కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద 'ఘరౌందా' అనే పథకం ఉంది. ఆమెకు దాని సంగతి చెప్పినవారు లేరు. నేనూ ఆమె అడిగిన తర్వాతనే వెతికాను.

ఆశ్రమాల రిజిస్ట్రేషనుకు ప్రమాణాలు నిర్ణయించే అధికారం ఆ 2016 చట్టమే రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఎన్ని మంచాలు, ఎన్ని మరుగుదొడ్లు అన్న లెక్కతో పాటు రాత్రి విధుల్లో ఎందరున్నారు, ఒక్కో ఆయా ఎంతకాలంగా పనిచేస్తోంది, ఆమెకు కనీస వేతనం, భవిష్యనిధి అందుతున్నాయా, వంటగదిలోకి ఎవరిని రానివ్వడం లేదు అన్నవి కూడా ఆ ప్రమాణాల్లో చేరాలి. న్యాయ విశ్వవిద్యాలయాల పరిశీలకులు ఎప్పుడు వెళ్లినా, ఏ ఆశ్రమానికి వెళ్లినా నిర్వాహకుల గదిలో కాక, రాత్రి పది దాటాక పక్కబట్టలు ఉతికే చోట కూర్చుని ఆ ప్రశ్నలు వేయాలి.