పేరు మనది, సీటు ఎవరిది?

పరిశోధన కోసం సూరత్ వచ్చి ఆల్థాన్‌లో ఉంటున్నాను. మరమగ్గం కార్మికుడైన ఒక తెలుగాయన కొడుకు మొన్న అడిగాడు: "అక్కా, ఫిల్మ్ స్కూల్లో మనల్ని చేర్చుకుంటారా?"

ప్రభుత్వ సంస్థల్లో రిజర్వేషన్ ఉందని చెప్పబోయి ఆగాను. కొట్టాయం గుర్తొచ్చింది. తొలి దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పేరున్న ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అది. అక్కడ ప్రవేశాల్లో రిజర్వేషన్ పాటించలేదని, పారిశుధ్య కార్మికులతో డైరెక్టర్ ఇంటి పని చేయించారని 2022 డిసెంబర్‌లో విద్యార్థులు సమ్మెకు దిగారు. డైరెక్టర్ ఆరోపణలను ఖండించారు. నెలన్నర పోరాటం తర్వాత, 2023 జనవరిలో రాజీనామా చేశారు.

గేటు మీద పేరుంటే ప్రాతినిధ్యం వచ్చినట్టు కాదు. విద్యార్థుల్లో, అధ్యాపకుల్లో, ఎంపిక కమిటీల్లో దళిత బహుజనులు ఎందరో ప్రతి ఫిల్మ్ స్కూలూ ఏటా ప్రకటించాలి. అప్పుడే ఆ పిల్లవాడికి తడుముకోకుండా జవాబు చెప్పగలను.