అమ్మ సందుకలో దొరికిన మాడ్ ఫ్యాషన్

పోయిన వారం పప్పు డబ్బాలకు పురుగు పట్టకుండా ఏం చేయాలో చెప్పుకున్నాం. ఈ వారం వంటింట్లోంచి కాస్త ఇవతలికి వచ్చి బట్టల పెట్టె ముందు కూర్చుందాం.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ వార్షికోత్సవానికి పిల్లలంతా పాతకాలం వేషాల్లో రావాలని అనుకున్నారట. చీట్లు వేసుకుంటే మా పిల్లకి 1960ల నాటి "మాడ్" అమ్మాయి వచ్చింది. ఇంటికి వచ్చీ రాగానే ఫోను నా ముందు పెట్టి, "అమ్మా, ఇట్లాంటి డ్రెస్సు కావాలె. అద్దెకు పదిహేను వందలట, చెప్పులు వేరేనట" అంది. ఒక్క పూట ముచ్చటకి పదిహేను వందలా! నాకు గుండె గుభేలుమంది. "రెండు రోజులు ఆగు తల్లీ. అమ్మమ్మ సందుక ఉంది, నా కుట్టు మిషన్ ఉంది. చూద్దాం" అన్నాను.

అసలు ఈ మాడ్ అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి కదా! 1950ల చివర్లో లండన్ కుర్రకారు తమని తాము "మోడర్నిస్టులు" అని చెప్పుకునేవారు. అదే పొట్టిదై మాడ్ అయింది. మేరీ క్వాంట్ అనే ఆవిడ 1955లో అక్కడి కింగ్స్ రోడ్డులో "బజార్" అనే బట్టల దుకాణం పెట్టింది. పెద్దవాళ్లలా నడుము బిగించిన గౌన్లు కాకుండా, ఆడపిల్లలు పరుగెత్తి బస్సెక్కడానికి వీలుగా ఉండే పొట్టి గౌన్లు అమ్మింది. ఆవిడ 2023లో 93 ఏళ్ల వయసులో కన్నుమూసింది. 1965లో పారిస్‌లో ఈవ్ సాన్ లోరాన్ అనే ఆయన తెల్ల గౌను మీద నల్ల గీతలు, రంగురంగుల గడులు పెట్టి చూపించాడు. 1966లో ట్విగ్గీ అనే పదహారేళ్ల పిల్ల పొట్టి జుట్టుతో, పెద్ద పెద్ద కాటుక కళ్లతో పత్రికల నిండా కనిపించింది.

మనకి మాత్రం ఈ గాలి సినిమా తెర మీంచి వీచింది. 1960లో "లవ్ ఇన్ సిమ్లా" వచ్చాక నుదుటి మీద జుట్టు కత్తిరించుకుంటే దానికి సాధనా కట్ అని పేరు. 1965లో "వక్త్" చూసినవాళ్లు ఒంటికి అతికినట్టుండే చుడీదార్లు కుట్టించుకున్నారు. మన తెలుగులో 1966 నాటి "గూఢచారి 116"లో కృష్ణ పక్కన జయలలిత. 1971లో "ప్రేమనగర్" వచ్చాక ఎవరి నోట విన్నా వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ చీర, వాణిశ్రీ జాకెట్టే. అంటే మన అమ్మల పడుచుతనమంతా ఈ ఫ్యాషన్ మధ్యనే గడిచిందన్నమాట!

అందుకే ఆదివారం పొద్దున్నే జనగామలో రైలెక్కి, కాజీపేట మీదుగా మా పుట్టింటికి వెళ్లాం. జిల్లా పేరు మహబూబాబాద్ అయినా మాకు ఎప్పటికీ మానుకోటే. అమ్మ సందుక తీయగానే డాంబర్ గోలీల వాసన గుప్పుమంది. పైన పట్టుచీరలు, కింద నారింజ రంగు జార్జెట్ చీర మీద అరచేయంత తెల్ల గుండ్రాలు. మా పిల్ల ఎగిరి గంతేసింది. "అమ్మమ్మా, ఇది కోస్తే అచ్చం మాడ్ డ్రెస్సే!"

"కోసుకో బిడ్డా, నేనేమన్న కట్టుకుంటనా ఇంక" అంది అమ్మ. అంటూనే ఆ చీర మడతని అరచేత్తో నిమురుతోంది. నోరు ఒకటి చెప్తోంది, చెయ్యి ఒకటి చెప్తోంది. నేను చెయ్యి మాటే విన్నాను. చీర తిరిగి సందుకలో పెట్టేశాను. పిల్ల మూతి ముడుచుకుంది, ఏం చేస్తాం!

ఇంకా అడుగున, పాత పేపరులో చుట్టి ఒక జాకెట్టు కనిపించింది. నల్లటి బట్ట, బోట్ నెక్, చేతుల్లేవు. మడత నలగలేదు, హుక్కుల మెరుపు కూడా పోలేదు.

"ఇదెవరిదమ్మా?" అన్నాను.

"నాదే. పెండ్లైన కొత్తల కుట్టించుకున్న. అందరు తొడుగుతుండ్రని నాకూ బుద్ధి పుట్టింది. మీ నాయనమ్మ చూసి, 'చేతులకు బట్ట సాలలేదా?' అన్నది. గంతే. మడతపెట్టి అడుగున పెట్టిన."

"ఒక్కసారన్నా తొడగలేదా అమ్మమ్మా?" అంది మా పిల్ల.

"ఏడ తొడుగుత? ఎవలు లేనప్పుడు అద్దం ముంగట నిలవడ్డ, అంతే" అని అమ్మ నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. యాభై ఏళ్ల పైమాటే! అమ్మ ఈ మాట నాతో ఎన్నడూ అనలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

ఇక బట్ట సంగతి. మా చిన్నమ్మ వాళ్లది భూపాలపల్లి. చిన్నాయన సింగరేణి గనిలో పనిచేసి అక్కడే స్థిరపడ్డారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకప్పుడు వరంగల్ జిల్లాయే. 2016లో జిల్లాలు వేరయ్యాయి గానీ మా చుట్టరికాలు వేరు కాలేదు. ఫోను చేస్తే చిన్నమ్మ, "నా నైలెక్స్ చీర ఒకటి కుచ్చిళ్ల కాడ చినిగి పడి ఉంది. నల్లది, తెల్ల గడులు. కోస్తవో కాలుస్తవో నీ ఇష్టం" అంది. నాలుగు రోజులకి బస్సులో వస్తున్న బంధువుల చేతికిచ్చి పంపింది. చినిగిన చీర గనక కత్తెర పెట్టడానికి చెయ్యి వణకలేదు. మీరూ ఇదే లెక్క పెట్టుకోండి. నిండు చీరని కోయకండి, చినిగినదాన్ని పారేయకండి.

కుట్టే పద్ధతి చెప్తాను, రాసుకోండి. ఈ గౌనుకి నడుము దగ్గర కుట్టు ఉండదు. భుజం నుంచి తిన్నగా దిగి కింద కొంచెం వెడల్పవుతుంది. దీన్నే ఏ లైన్ అంటారు. ఛాతీ 34 అంగుళాలనుకుంటే లూజుకి 4 కలపండి, 38 వస్తుంది. దాన్ని నాలుగు భాగాలు చేస్తే 9½. కుట్టుకి ఒక అంగుళం కలిపి 10½ దగ్గర గుర్తు పెట్టండి. తుంటి కొలత కూడా ఇలాగే 4 కలిపి చూసుకోండి. కింద అంచు దగ్గర 13 ఉంచండి. భుజం 14 అయితే సగం 7. చేతులు లేవు కాబట్టి అర అంగుళం తగ్గించి 6½ పెట్టండి, లేకపోతే భుజం దాటి బయటికి పొడుచుకొస్తుంది. బోట్ నెక్‌కి మధ్య నుంచి వెడల్పు 4, ముందు లోతు 2½ చాలు. తల పట్టడానికి వెనక 6 అంగుళాలు చీలిక ఇచ్చి పైన ఒక హుక్కు కుట్టండి. చంక కింద రెండున్నర అంగుళాలు వదిలి, పక్క కుట్టులోంచి ఛాతీ వైపు ఒక డాట్ వేస్తే ముందు భాగం చక్కగా కూర్చుంటుంది. చంక కోతకి మాత్రం నేను అమ్మ జాకెట్టునే పేపరు మీద పరిచి గీత గీసుకున్నాను. కొలత కొంచెం పెంచానంతే, ఆ వంపు అంత తీరుగా ఉంది. ఆనాటి దర్జీ ఎవరో గానీ చేతికి దండం పెట్టాలి!

మోకాలి దాకా 38 అంగుళాల పొడవుకి, 44 అంగుళాల పన్నా బట్టయితే రెండుంపావు మీటర్లు పడుతుంది. నైలెక్స్ పలచన కాబట్టి లోపల కాటన్ లైనింగ్ తప్పనిసరి. జారిపోయే బట్టని పేపరు మీద పరిచి గుండుసూదులు గుచ్చి కత్తిరించండి. మిషన్‌కి 11 నంబరు సన్న సూది వేయండి. దారాలు ఊడకుండా అంచులకి పీకో చేయించండి. ముందు, వెనక గడులు పక్క కుట్టు దగ్గర కలవాలి. మాడ్ అందమంతా ఆ గీతల్లోనే ఉంది. గీత వంకర పోతే గౌను వంకర పోయినట్టే.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. కాటన్ ఇస్త్రీ చేసిన వేడి మీదే నైలెక్స్ మీద పెట్టాను. చుయ్యిమని ఒక మూల పెట్టెకి అంటుకుపోయింది! అదృష్టం, అది మిగులు ముక్క. ఇలాంటి బట్టని తక్కువ వేడి మీద, పైన పలచని నూలు గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. ముఖ్యమైన మాట ఇంకోటి. నైలాన్, టెర్లిన్ బట్టలతో గ్యాస్ స్టవ్ దగ్గరికి వెళ్లకండి. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. పెట్టెలోంచి తీసిన బట్టల్ని రెండు రోజులు నీడన గాలికి ఆరేసి గానీ ఒంటి మీద వేసుకోకండి.

మోకాళ్లు కనపడతాయని ఇంట్లో నస ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంది. కింద బిగుతు చుడీదారు వేయించాను. అరవైల్లో మనవాళ్లు వేసిందీ అదే కాబట్టి వేషం చెడలేదు, ఇంట్లో గొడవా రాలేదు. చీరలోనే మాడ్‌గా కనిపించాలంటే పెద్ద గడులో, గుండ్రాలో ఉన్న చీర బిగుతుగా కట్టి, పైట సన్నగా మడిచి పిన్నీసు పెట్టి, ఒకే రంగు బోట్ నెక్ జాకెట్టు వేస్తే సరి.

జుట్టుకి ముందు రోజే తలంటు పోసుకోవాలి. నూనె ఉంటే కొప్పు నిలవదు. నడినెత్తి మీద జుట్టుని పాయలుగా తీసి, చివరి నుంచి కుదురు వైపు వెనక్కి దువ్వితే పొంగుతుంది. పైపైన నున్నగా దువ్వి పిన్నులు పెట్టండి. లోపల నిండుదనానికి చిన్న సవరం చుట్టి పెట్టొచ్చు. విప్పేటప్పుడు కొబ్బరినూనె రాసి, చివర్ల నుంచి చిక్కు తీయండి, లేకపోతే జుట్టు తెగుతుంది. కాటుక గీత పై రెప్ప మీద తోకలాగా బయటికి లాగాలి. పెదాలకి లేత రంగు చాలు. చెవులకి పెద్ద తెల్ల రింగులు, కాళ్లకి మడమ లేని తెల్ల బెల్లీలు. అవి పక్కింటమ్మాయివి, అడిగి తెచ్చాం. లైనింగ్, దారం, హుక్కు, పీకో, రింగులు అన్నీ కలిపి నాకైన ఖర్చు 310 రూపాయలు. ఆ గౌను వార్షికోత్సవంతో అయిపోలేదు, ఇప్పుడు కుర్తీలా వేసుకు తిరుగుతోంది.

ఫొటోలు అమ్మకి పంపాను. సాయంత్రం ఫోను చేసింది. పిల్ల బాగుందని, కొప్పు ఇంకా పెద్దగా పెట్టాల్సిందని అంది. కాసేపు ఆగి, "గా చేతుల్లేని రైక నాకొకటి కుట్టు బిడ్డా. ఎండాకాలం ఇంట్ల తొడుక్కుంట" అంది. డెబ్బై దాటిన మనిషి! పాత జాకెట్టు ఇప్పుడు పట్టదు కదా, 40 కొలతకి మెత్తని నూలు బట్టలో కుట్టి పట్టుకెళ్లాను. మొదటి రోజు పైట భుజాల చుట్టూ కప్పుకునే తిరిగింది. మూడో రోజు కూరగాయల బండి వస్తే, పైట ఎప్పట్లా వేసుకుని గేటు దగ్గరికి వెళ్లి బేరమాడింది. ఎవరూ ఏమీ అనలేదు. టమాటాలు మాత్రం ఐదు రూపాయలు తగ్గించి ఇచ్చాడు.

అమ్మలకి చీరలు పెడతాం, మందులు కొంటాం. నీకేం తొడుక్కోవాలని ఉండేదమ్మా అని మాత్రం అడగం. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు పెట్టె అడుగున ఏముందో చూడండి, అడగండి. ఏం దొరికిందో నాకు ఉత్తరం రాయండి. వచ్చే వారం పట్టుచీరల మీద నూనె మరకలు తీసే పద్ధతులతో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి!