బండి ఇస్తారు, బడి ఇవ్వరు

దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర రవాణా శాఖ 2019లో చెప్పింది. 2025లో కూడా మంత్రి నితిన్ గడ్కరీ అదే 22 లక్షల మాట చెప్పారు. ఈ ఆరేళ్లలో హైవేలు పెరిగాయి, టోల్ గేట్లు పెరిగాయి. ఆ అంకె మాత్రం ఉన్నచోటే ఉంది. మన వాడల్లో ఇంతమంది యువకులు పనికోసం ఎదురుచూస్తుంటే లారీలో డ్రైవర్ సీటు ఎందుకు ఖాళీగా ఉంటోంది? లైసెన్సు దాకా వెళ్లే దారిని పరిశీలిస్తే జవాబు దొరుకుతుంది.

మోటారు వాహనాల చట్టం ప్రకారం హెవీ లైసెన్సు నేరుగా రాదు. ముందు కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సు తీసుకోవాలి. అది వచ్చి ఏడాది గడవాలి. వయసు 20 నిండాలి. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ చూపించాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన కూడా ఉండేది. బడి మధ్యలో మానేసిన పిల్లలకు అది గోడలా అడ్డుపడేది. 2019లో దాన్ని ఎత్తేశారు. మంచిదే. కానీ పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్ల లాంటి ప్రమాదకర సరుకు బండ్లు నడపాలంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణతో పాటు ఒక భారతీయ భాష, ఇంగ్లీషు చదవడం రాయడం రావాలి. అంటే ఒక గోడ కూల్చినా ఇంకోటి మిగిలే ఉంది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో కొంత వెసులుబాటు వచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని కోర్టు చెప్పింది. చిన్న ట్రాలీ ఆటో మొదలుకొని మినీ లారీ దాకా మన పిల్లలకు అది ఉపయోగమే. పెద్ద లారీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత దారే.

పేదింటి పిల్లాడు లారీ నేర్చుకునేది డ్రైవింగ్ స్కూల్లో కాదు, క్లీనర్ సీట్లో. టైర్ల కింద రాళ్లు పెడతాడు, టార్పాలిన్ కడతాడు, అద్దాలు తుడుస్తాడు, రివర్స్‌లో సైడు చెబుతాడు, డ్రైవర్‌కు నిద్ర రాకుండా కబుర్లు చెబుతాడు. రెండు మూడేళ్లు ఇలా తిరిగాక ఖాళీ రోడ్డు మీద స్టీరింగు చేతికొస్తుంది. ఆ చదువుకు ఫీజు లేదనుకుంటాం. తక్కువ కూలికి ఇచ్చిన ఆ రెండు మూడేళ్లే ఫీజు. అంతా నేర్చుకున్నాక కూడా చట్టం దృష్టిలో అతనికి ఏమీ రానట్టే. లైసెన్సు లేకుండా నడిపితే కేసు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చిక్కు.

ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2021లో గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నిబంధనలు తెచ్చింది. హెవీ వాహనానికి ఆరు వారాల్లో 38 గంటల కోర్సు. సిమ్యులేటర్ ఉండాలి, టెస్ట్ ట్రాక్ ఉండాలి. అక్కడ పాసైన వాళ్లకు ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ టెస్టు అక్కర్లేదు. కాగితం మీద ఇది బాగుంది. అయితే అలాంటి కేంద్రం పెట్టాలంటే మైదాన ప్రాంతంలో రెండెకరాలు కావాలి. మన ఊళ్లలో రోడ్డు పక్కన రెండెకరాలు ఎవరికి ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఇక నేర్చుకునేవాడి సంగతి. రోజు కూలితో ఇల్లు గడిచే కుటుంబంలో చేతికొచ్చిన కొడుకు ఆరు వారాలు పని మానుకుంటే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఫీజు మాఫీ చేసినా ఈ ప్రశ్న అలాగే ఉంటుంది. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో పెద్ద డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. అలాంటిది జిల్లాకొకటి వచ్చినా, కోల్పోయే కూలికి బదులు స్టైపెండ్ లేకపోతే మన పిల్లలు గేటు బయటే ఉంటారు.

ప్రభుత్వాలు మనకు శిక్షణకు బదులు వాహనాలు ఇస్తూ వచ్చాయి. తెలంగాణలో 2021లో మొదలైన దళితబంధులో రూ. 10 లక్షల సాయంతో చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు బండ్లు కొన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ఇంటింటికీ రేషన్ పేరుతో 9,260 వాహనాలు ఇచ్చారు, అందులో 2,300 ఎస్సీ కార్పొరేషన్ వాటా. 2025 జూన్‌లో ప్రభుత్వం మారిన విధానంతో ఆ పంపిణీ ఆగింది. ఆ పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. మనం గమనించాల్సింది ఒకటుంది. ఒక జీవోతో వచ్చిన బండికి ఇంకో జీవోతో పని పోతుంది. హెవీ లైసెన్సు, ట్యాంకర్ శిక్షణ, కిరాయి లెక్కలు తెలిసిన చెయ్యి మాత్రం ఏ ప్రభుత్వం మారినా ఇంకో బండి మీద పని వెతుక్కోగలదు.

'మన పిల్లలు ఆఫీసర్లు కావాలి గానీ మళ్లీ డ్రైవర్లేనా?' అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చదువు కోసం జరిగే పోరాటాన్ని ఇది పక్కన పెట్టదు. కానీ ఇప్పటికే క్లీనర్ సీట్లో ఉన్నవాడిని అక్కడే వదిలేసి మనం ఆఫీసర్ల గురించి మాత్రమే మాట్లాడలేం. పైగా ప్రమాదం జరిగితే భారమంతా స్టీరింగు పట్టుకున్నవాడి మీదే. భారతీయ న్యాయ సంహిత 106(2)లో, నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమై పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని రాశారు. 2024 జనవరిలో డ్రైవర్లు బండ్లు ఆపేస్తేనే ఆ సెక్షన్ అమలు ఆగింది. శిక్ష పెంచడానికి తొందరపడిన ప్రభుత్వానికి శిక్షణ మీద ఆ తొందర లేదు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధులతో హాస్టల్, భోజనం, కనీస వేతనానికి తగ్గని స్టైపెండ్‌తో హెవీ శిక్షణ ఇవ్వాలి. క్లీనర్‌గా చేసిన ఏళ్లను అనుభవంగా లెక్కగట్టాలి. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది, దాన్ని లారీ అడ్డాల దగ్గరికే తేవాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పిన రోజుకు 8 గంటల పని, వారానికో రోజు సెలవు కూడా శిక్షణలో పాఠంగా చెప్పాలి. ఆడపిల్లలకు వేరే బ్యాచులు ఉండాలి.

విద్యార్థి మిత్రులు ఈ నెలలోనే చేయగల పని ఒకటుంది. మీ జిల్లా ఎస్సీ కార్పొరేషన్‌కు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. గత ఐదేళ్లలో వాహనాలకు ఎంత ఖర్చు పెట్టారు, డ్రైవింగ్ శిక్షణకు ఎంత పెట్టారు, శిక్షణ పొందిన వాళ్లలో ఎంతమందికి హెవీ లైసెన్సు వచ్చింది అని అడగండి. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే రేపు కలెక్టర్ ముందు కూర్చున్నప్పుడు మన మాటకు బలం ఉంటుంది.