మిక్సీకి లొంగని క్రూంగ్

ఫుడ్ యాప్ తెరిస్తే థాయ్ గ్రీన్ కర్రీ పది చోట్ల కనిపిస్తుంది. థాయ్‌లాండ్ పక్కనే ఉన్న కంబోడియా వంటకం ఒక్కటి చెప్పమంటే మాత్రం మా ఆఫీసు బ్యాచ్ అంతా ఫోన్లు తీస్తారు. అందుకే ఈ వారం కోడ్ పక్కన పెట్టి రోలు ముందేసుకున్నా.

ఖ్మేర్ వంటకి పునాది ‘క్రూంగ్’. మాటకి అర్థం ఇంచుమించు మన ‘సరంజామా’. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం (అల్లానికి చుట్టమే, కానీ వాసన వేరు), పచ్చి పసుపు కొమ్ము, మాక్రుట్ నిమ్మ ఆకు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు... వీటిని కలిపి నూరిన ముద్ద. పసుపు ముందుంటే పసుపు క్రూంగ్, నిమ్మగడ్డి ఆకుపచ్చదనం తేలితే ఆకుపచ్చ క్రూంగ్, నానబెట్టిన ఎండుమిర్చి చేరితే ఎర్ర క్రూంగ్. ఎర్ర అనగానే నోరు మండుతుందని ఫిక్స్ అయిపోకండి. అక్కడ ఎండుమిర్చి గింజలు తీసేసి వేస్తారు, పని ఎక్కువగా రంగుదే. మన గుంటూరు మిర్చి వేస్తే అది క్రూంగ్ కాదు, కోపం! అసలు మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ళతో ఆసియాకొచ్చింది 16వ శతాబ్దంలో. 12వ శతాబ్దంలో అంగ్‌కోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మకి మిరపకాయ అంటే ఏంటో తెలీదు.

నూరడానికీ ఓ వరస ఉంది. ముందు గట్టివి. నిమ్మగడ్డిని సన్నగా చక్రాల్లా తరిగి రోట్లో వేస్తారు, పీచు మెత్తబడ్డాక దుంపరాష్ట్రం, పసుపు. నీరుండే వెల్లుల్లి, ఉల్లి ఆఖర్న. ముందే వేస్తే ముద్ద జారిపోయి పీచు నలగదు. మిక్సీతో ఇబ్బంది కూడా ఇదే. బ్లేడు పీచుని కోస్తుంది గానీ నలపదు, తిరగాలంటే నీళ్ళు అడుగుతుంది. నీళ్ళు కలిసిన ముద్ద నూనెలో వేగదు, ఉడుకుతుంది. “మిక్సీలో నీళ్ళు పోస్తే పచ్చడి చప్పబడుద్దిరా” అని మా అమ్మ ఫోన్‌లో అనే మాటా ఇదే.

ఈ ముద్దని కొబ్బరిపాలతో, చేపముక్కలతో కలిపి అరిటాకులో ఆవిరి పడితే అమోక్. చింతపండు పులుపుతో పులుసు పెడితే సమ్లా మచూ క్రూంగ్. ఇది మన వాళ్ళకి వెంటనే నచ్చుతుందని నా గ్యారంటీ. పొద్దున్నే బియ్యపు సేమ్యా మీద ఆకుపచ్చ చేపల గ్రేవీ పోసుకుంటే నోమ్ బన్ చోక్.

ఇంత వంట ఒక దశలో అంతరించేదే. 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ నాంపెన్‌ని పట్టుకుంది. ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారు. సొంత పొయ్యి పెట్టుకోవడమే నేరమైంది. సామూహిక భోజనశాలల్లో పోసే నీళ్ళ గంజే తిండి. 1979 జనవరికి ఆ పాలన కూలేలోపు 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా. వాళ్ళలో ఎందరో అమ్మలు, అమ్మమ్మలు. కొలతలేమో వాళ్ళ చేతుల్లోనే ఉండేవి, కాగితం మీద కాదు. డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్‌లో తెలిసిన మనిషి రిజైన్ చేస్తేనే మేం తల పట్టుకుంటాం. వీళ్ళు రిజైన్ చేసి వెళ్ళలేదు.

అందుకే ‘షెఫ్ నాక్’గా పేరుపడ్డ రోతనక్ రోస్ చేస్తున్న పని నాకు పెద్దదనిపిస్తుంది. ఊరూరా తిరిగి, బతికున్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వంటలు రాసుకుంటోంది. 2019లో పుస్తకం కూడా తెచ్చింది. అమ్మమ్మ “చేతికి తెలుస్తుంది” అంటే, ఆ చేతి కొలతని గ్రాముల్లోకి మార్చడం మాటలు కాదు. మన ఇళ్ళల్లో గోంగూర ఎంత వేయాలో అడిగి చూడండి, అర్థమవుతుంది.

ట్రై చేస్తానంటే: నిమ్మగడ్డి నర్సరీలో దొరుకుతుంది, కుండీలో ఇట్టే పెరుగుతుంది. దుంపరాష్ట్రం పచ్చిది పెద్ద సూపర్ మార్కెట్లలో ‘గలంగల్’ పేరుతో ఉంటుంది. మాక్రుట్ ఆకు దొరక్కపోతే నిమ్మ తొక్క పైపైన తురిమి వేయండి, అచ్చం అదే రాదు గానీ దారిలోనే ఉంటుంది. ఒకేసారి ఎక్కువ నూరి, ఐస్ ట్రేలో పెట్టి గడ్డకట్టించుకుంటే, ఆఫీసు నుంచి లేటుగా వచ్చిన రోజు రెండు ముక్కలు చాలు.